ఆవిరి బావులలో లోహపు తొడుగు గల ఉష్ణోగ్రత సెన్సర్ల క్షయం - కారణ నిర్ధారణ

హరితగృహాలను భూగర్భపు వేడితో వెచ్చబరచు పద్ధతి ఐస్లాండ్‌లో 1924లో మొదలైనది. కెన్యా దేశంలో నైవాషా సరస్సు సమీపాన గల ఓల్కారియా భూతాప క్షేత్రపు ఆవిరి గులాబీ తోటల హరితగృహాలకు ఉపయోగపడుచున్నది. రాత్రివేళ గృహాలలోని తేమను తగ్గించి బూజు తెగుళ్ళను అదుపులో నుంచుటకు అక్కడ ఆ వేడిని వాడుచున్నారు. బావి వాయువులలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను మొక్కల ఎదుగుదలకు అందించుచున్నారు. నారుమడి మట్టిని ఆవిరితో శుద్ధిచేయుట కూడ ఇటువంటి వినియోగమే. ఈ పనులన్నిటిలోను కవాటాన్ని ఎంత తెరవవలెనో నిర్ణయించునది ఒక అంకె. ఆ అంకెను పంపునది 6 మిల్లీమీటర్ల వ్యాసం కూడ మించని ఒక లోహపు గొట్టం.

ఆ గొట్టానికి సూదిమొన అంత చిల్లు పడిన నాడు సెన్సర్ వెంటనే మూగబోదు. కొన్ని రోజులు, ఒక్కొక్కప్పుడు కొన్ని వారాలు, నమ్మదగినట్లు కనిపించు తప్పుడు అంకెలను పంపుచునే ఉండును. ఉన్నదానికంటె తక్కువ చూపినచో పనివారు కవాటాన్ని మరింత తెరతురు, వేరు మండలం ఉడికిపోవును. ఎక్కువ చూపినచో మట్టి శుద్ధి అయినదని భావించి నారు పోయుదురు, మట్టిలోని శిలీంధ్రం బ్రతికియే ఉండును. బావి విషయంలో నష్టం ఇంకను పెద్దది. ఉష్ణోగ్రత పడిపోవుచున్నదని తలచి, చక్కగా ఉన్న బావిని మూసివేయుటకో, అనవసరంగా ఆమ్లంతో కడుగుటకో నిర్ణయించు ప్రమాదం కలదు. కనుక సెన్సర్ ఎందుకు చెడినదను ప్రశ్నకు ముందు, అది ఎప్పటి నుండి అబద్ధం చెప్పుచున్నదను ప్రశ్నకు జవాబు వెదకవలెను.

మన దేశంలో ఈ విషయం పూర్తిగా పరాయిది కాదు. లడాఖ్‌లోని పుగా - ఛుమాథాంగ్ ప్రాంతంలో భూతాప జలంతో హరితగృహ ప్రయోగాలు గతంలోనే జరిగినవి. తెలంగాణలో మణుగూరు ప్రాంతపు పగిడేరు వద్ద సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక భూతాప విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పినది. అక్కడ లభించునది ఆవిరి కాదు, వేడినీరు. అయినను దిగువ వివరించిన పరీక్షలలో చాలభాగం అట్టి బావులకు కూడ వర్తించును.

తొడుగు లోపలి నిర్మాణం

ఈ సెన్సర్లలో తీగలు నేరుగా గొట్టంలో ఉండవు. తీగలకు, తొడుగుకు మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని గట్టిగా దట్టించి, మొత్తాన్ని సాగదీసి సన్నని కేబుల్‌గా తయారుచేయుదురు. పొడిగా ఉన్నంతకాలం ఈ పదార్థం మంచి విద్యుద్బంధకం. కొత్త థర్మోకపుల్ కేబుల్‌లో గది ఉష్ణోగ్రత వద్ద ఇన్సులేషన్ నిరోధం సాధారణంగా 1000 మెగఓమ్‌లకు పైగా ఉండును. అయితే మెగ్నీషియం ఆక్సైడ్‌కు తేమ మీద విపరీతమైన ఆకర్షణ. నీటితో కలిసి అది మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా మారును, ఆ మార్పులో దాని ఘనపరిమాణం రెండింతలకు పైగా పెరుగును. కొన్ని విఫలమైన సెన్సర్లలో తొడుగు ఒకచోట ఉబ్బి కనిపించుటకు ఇది ఒక కారణం. మరొక కారణం కూడ కలదు: పీడనం కింద లోపలికి చొచ్చిన ఆవిరి, బావిని హఠాత్తుగా మూసి పీడనం తగ్గించినపుడు బయటకు పోవు దారి లేక తొడుగును లోపలి నుండి ఉబ్బించును. ఉబ్బును చూచినంతనే బయటి దెబ్బ అని తీర్మానించుట సరికాదు.

తొడుగు దెబ్బతినుట ఒక సంఘటన, కొలత చెడుట మరొక సంఘటన. రెండింటి నడుమ కాలవ్యవధి ఉండును. నిర్ధారణలో జరుగు తప్పులలో అధికభాగం ఈ రెండింటిని ఒకటిగా భావించుట వలన కలుగుచున్నవి.

అబద్ధపు అంకెను పట్టు విధానం

ప్లాటినం నిరోధ సెన్సర్‌ను ముందుగా పరిశీలించుట సులభం. సున్న డిగ్రీల వద్ద 100 ఓమ్‌ల నిరోధం గల సెన్సర్ 200 డిగ్రీల సెల్సియస్ వద్ద 175.86 ఓమ్‌లు చూపవలెను. తేమ చేరి, రెండు తీగల నడుమ 1 లక్ష ఓమ్‌ల లీకు దారి ఏర్పడినదనుకొన్నచో, పరికరం చూచు నిరోధం 0.31 ఓమ్‌లు తగ్గును. అనగా అంకెలో సుమారు 0.8 డిగ్రీల తగ్గుదల. దీనిని ఎవరును గమనించరు. లీకు 10,000 ఓమ్‌లకు చేరినపుడు అంకె 192 డిగ్రీల దాపునకు పడును. 1,000 ఓమ్‌లకు చేరినపుడు 129 డిగ్రీలే చూపును. చివరి దశను ఎవరైనను గుర్తింతురు. మధ్య దశయే అపాయకరం, ఏలననగా 8 డిగ్రీల తగ్గుదల బావిలో సహజంగా కూడ సంభవించును.

ఇక్కడ ఆవిరి పట్టికలు అక్కరకు వచ్చును. సంతృప్త ఆవిరికి ఉష్ణోగ్రత, పీడనం విడివిడిగా నడవవు. 200 డిగ్రీల వద్ద పీడనం సుమారు 15.5 బార్, 192 డిగ్రీల వద్ద సుమారు 13 బార్. బావి ముఖం వద్ద పీడన మాపకం 15.5 చూపుచుండగా అదే చోటి సెన్సర్ 192 చూపినచో రెండింటిలో ఒకటి తప్పవలెను. అయితే తొందరపడరాదు. బావి వాయువులో కార్బన్ డై ఆక్సైడ్ అధికంగా ఉన్నపుడు మొత్తం పీడనంలో కొంత దాని వంతు అగును. అప్పుడు ఆవిరి తన వంతు పీడనానికి తగిన ఉష్ణోగ్రత వద్దనే ఉండును, రెండు మాపకాలును నిజమే చెప్పుచుండును. పై ఉదాహరణలో 2.5 బార్‌ల తేడాకు వాయువే కారణమైనచో, బావి నుండి వచ్చు మిశ్రమంలో ఆరవ వంతు పరిమాణం వాయువు కావలెను. వాయు విశ్లేషణలో 2 లేక 3 శాతం మాత్రమే వచ్చినచో నేరం సెన్సర్‌దే. ఈ ఒక్క లెక్కతో అనేక సెన్సర్లను అనవసరంగా పైకి తీయుట తప్పును. కొన్ని దోషుల సెన్సర్లు నిర్దోషులుగా చలామణి అగుట కూడ తప్పును. ఆవిరి అతితప్త దశలో ఉన్నచో మాత్రం పట్టిక పనికిరాదు. అప్పుడు పక్కన మరొక సెన్సర్‌ను ఉంచి పోల్చుట తప్ప దారి లేదు.

థర్మోకపుల్ ప్రవర్తన వేరు. దాని తీగల నడుమ బంధకం చెడినచో అంకె తగ్గవచ్చును, పెరగనూ వచ్చును. బావి మధ్యభాగం అడుగుకంటె వేడిగా ఉండి, బంధకం ఆ మధ్యలో చెడినచో, అక్కడనే ఒక నకిలీ సంధి ఏర్పడి సెన్సర్ ఆ చోటి ఉష్ణోగ్రతను చెప్పసాగును. అడుగు వేడెక్కుచున్నదని నివేదికలు వ్రాయబడును. తడి చేరినచోట రెండు భిన్న లోహపు తీగలు, వాటి నడుమ లవణపు నీరు కలిసి చిన్న బ్యాటరీ వలె పనిచేయుట మరొక చిక్కు. కె రకం థర్మోకపుల్‌లో 1 మిల్లీవోల్టు తేడా దాదాపు 25 డిగ్రీలకు సమానం గనుక ఆ బ్యాటరీ చిన్నదైనను కొలతను తలక్రిందులు చేయును. అంకె ఒక్కసారిగా స్కేలు పైకొసకు చేరినచో అది సాధారణంగా తీగ తెగినదనుటకు గుర్తు. చాల ట్రాన్స్‌మిటర్లను ఆ విధంగానే అమర్చుదురు. మెల్లగా జారుట, బావిని మూసి తెరచిన ప్రతిసారి ఒక మెట్టు తప్పుట, వాన కురిసిన మరునాడు చలించుట - ఇవి తేమ లక్షణాలు. వానతో చలించు సెన్సర్‌లో దోషం బావిలో కాక పైన టెర్మినల్ పెట్టెలో ఉండుటకే అవకాశం ఎక్కువ.

టెర్మినల్ పెట్టెను గురించి ఒక మాట అదనంగా చెప్పవలసి ఉన్నది. భూతాప క్షేత్రపు గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని, వెండిని నల్లబరచును. స్క్రూల కింద, రిలే కొనల మీద ఏర్పడు ఆ నల్లని పొర నిరోధాన్ని పెంచును. రెండు తీగల పద్ధతిలో కలిపిన ప్లాటినం సెన్సర్‌కు ఆ అదనపు నిరోధం అదనపు ఉష్ణోగ్రతగా కనిపించును. 200 మీటర్ల లోతులోని సెన్సర్‌ను క్రేనుతో పైకి తీయుటకు ముందు పెట్టె మూత తెరచి చూచుట అర నిమిషపు పని.

విద్యుత్ పరీక్షలు, చోటు నిర్ధారణ

మొదట ట్రాన్స్‌మిటర్‌ను విడదీయవలెను. లేనిచో మెగ్గర్ వోల్టేజి దానిని కాల్చివేయును. సన్నని కేబుళ్ళకు, ప్లాటినం సెన్సర్లకు 100 వోల్టులు, మందపాటి థర్మోకపుల్ కేబుళ్ళకు 500 వోల్టులు సరిపోవును. తడి చేరినదను అనుమానం ఉన్నచో తక్కువ వోల్టేజితోనే మొదలుపెట్టవలెను. కొలతను ధన, రుణ కొనలు మార్చి రెండుసార్లు తీయవలెను. రెండు విలువలు బాగుగా తేడాగా వచ్చినచో లోపల విద్యుద్విశ్లేష్యం, అనగా లవణపు తడి, ఉన్నట్లే. సంధిని తొడుగుకే అతికించిన థర్మోకపుల్‌కు ఈ పరీక్ష వర్తించదు; అందులో తీగ, తొడుగు మొదటి నుండియు ఒకటే. ఈ సంగతి మరచి మంచి సెన్సర్లను చెడినవిగా తీసివేయుట తరచు జరుగునదే.

తీగల చుట్టు నిరోధం చోటును చెప్పును. 300 మీటర్ల కె రకం కేబుల్‌కు మీటరుకు 1 ఓమ్ చొప్పున మొదటి రోజున 300 ఓమ్‌లు నమోదైనదనుకొన్నచో, నేడు 210 ఓమ్‌లు వచ్చినపుడు తీగలు 210 మీటర్ల లోతున కలిసినవని తోచును. వాస్తవానికి తడి సంపర్కానికి తనదైన నిరోధం ఉండును గనుక దోషం 210 మీటర్ల వద్దనో, అంతకు పైననో ఉండును, కింద మాత్రం ఉండదు. థర్మోకపుల్ తన వోల్టేజిని తానే కలుపును గనుక కొనలు మార్చి రెండు కొలతల సగటు తీసికొనవలెను. తీగ నిరోధం వేడితో మారును గనుక మొదటి కొలత ఏ స్థితిలో తీసినారో అదే స్థితిలో పోల్చవలెను. మొదటి రోజు కొలత లేనిచో ఈ పరీక్ష సగం విలువను కోల్పోవును. సెన్సర్‌ను దించిన నాడు చుట్టు నిరోధం, ఇన్సులేషన్ నిరోధం, అప్పటి ఉష్ణోగ్రత ఒక చీటీపై వ్రాసి పెట్టె మూత లోపల అంటించు అలవాటుకు ఖర్చు లేదు. అయినను చాలచోట్ల ఆ చీటీ కనిపించదు.

కేబుల్‌లోనికి విద్యుత్ స్పందనను పంపి ప్రతిధ్వని తిరిగివచ్చు కాలాన్ని కొలుచు పరికరం ఉన్నచో చోటు మరింత కచ్చితంగా తెలియును. కాని అది చూపునది తడి ఉన్న చోటును, చిల్లు ఉన్న చోటును కాదు. వేడి భాగంలో నీరు ఆవిరిగా మారి పొడి గుండా మెల్లగా పాకి, పైన చల్లని భాగంలో తిరిగి నీరగును. చిల్లు 180 మీటర్ల వద్ద ఉండగా ప్రతిధ్వని 40 మీటర్ల వద్ద నుండి రావచ్చును. ఆ 40 మీటర్ల చోటును మాత్రమే కోసి ప్రయోగశాలకు పంపినచో అక్కడ తొడుగు నిష్కళంకంగా కనిపించును, నివేదికలో కారణం తెలియరాలేదని వ్రాయుదురు.

బావిలో క్షయం ఎక్కడ పుట్టును

అతి వేడిగా ఉన్న చోటనే లోహం ముందుగా చెడునని సామాన్యంగా తలంతురు. ఆవిరి బావులలో అనేక సందర్భాలలో దీనికి విరుద్ధంగా జరుగును. ఉత్తర కాలిఫోర్నియాలోని ది గీజర్స్ క్షేత్రం దీనికి మంచి నిదర్శనం. అది నీరు కాక ఆవిరియే ప్రధానంగా లభించు క్షేత్రం. 1980వ దశాబ్దం చివర అక్కడ భూగర్భ పీడనం తగ్గి, ఆవిరి కొన్ని బావులలో అతితప్త దశకు చేరినది; దానితో పాటు హైడ్రోజన్ క్లోరైడ్ కూడ రాసాగినది. పొడి ఆవిరిలో ఉన్నంతవరకు ఈ వాయువు ఉక్కును పెద్దగా బాధించదు. ఆవిరి కొద్దిగా చల్లారి మొదటి నీటి బొట్టు ఏర్పడిన చోట వాయువంతయు ఆ బొట్టులో కరగిపోవును. నీరు అతి స్వల్పం, ఆమ్లం అధికం. అట్టి చోట ఉక్కు గొట్టాలే పలచబడి చిల్లులు పడును. అర మిల్లీమీటరు మందం గల సెన్సర్ తొడుగు ఏపాటిది? తరువాతి కాలంలో సమీప పట్టణాల శుద్ధిచేసిన మురుగునీటిని, 1997 నుండి లేక్ కౌంటీ నుండి, 2003 నుండి శాంటా రోజా నుండి, గొట్టపు మార్గాల ద్వారా తెచ్చి భూగర్భంలోనికి ఎక్కించి క్షేత్రాన్ని నిలబెట్టుచున్నారు.

ఐస్లాండ్‌లోని క్రాఫ్లా వద్ద త్రవ్విన ఐ.డి.డి.పి.-1 బావి ఇదే సంగతిని తీవ్ర రూపంలో చూపినది. 4,500 మీటర్లు త్రవ్వవలెనని తలపెట్టిన ఆ బావి 2009లో సుమారు 2,100 మీటర్ల లోతున శిలాద్రవాన్ని తాకి ఆగిపోయినది. పరీక్షా ప్రవాహంలో బావి ముఖం వద్ద ఆవిరి దాదాపు 450 డిగ్రీలు, 140 బార్‌ల వరకు చేరినది. ఆ ఆవిరిలో హైడ్రోజన్ క్లోరైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉన్నవి. అది చల్లారి ఏర్పడిన నీటి పి.హెచ్. 3 కంటె తక్కువ. 2012లో కవాటాలు దెబ్బతినగా బావిని చల్లార్చి మూసివేయవలసి వచ్చినది. అట్టి బావిలో సెన్సర్ కొన 450 డిగ్రీల వద్ద క్షేమంగా ఉండి, చల్లని పక్క గొట్టం చేరువలో ఉన్న భాగం చెడుట వింత కాదు.

రెండవ ప్రమాదస్థలం గాలి తగులు చోటు. క్లోరైడు వలన స్టెయిన్‌లెస్ ఉక్కులో కలుగు ప్రతిబల క్షయ పగులుకు నాలుగు అంశాలు కలియవలెను: క్లోరైడు, లాగుడు ప్రతిబలం, సుమారు 60 డిగ్రీలకు మించిన వేడి, ఆక్సిజన్. మొదటి మూడును బావిలో పుష్కలం. భూగర్భ ద్రవంలో ఆక్సిజన్ దాదాపు ఉండదు గనుకనే తొడుగు లోతులో చాలకాలం నిలుచును. బావిని మూసినపుడు గ్లాండ్ గుండా గాలి పీల్చబడుట, పైన తడిసిన ఉష్ణరక్షక దుప్పటి కింద ఉప్పు పేరుకొనుట వలన ఆ లోటు తీరును. అందుచేత 316 రకపు తొడుగులు బావి ముఖానికి దగ్గరలో, వంపు వద్ద, బిగింపు కింద పగులుట సర్వసాధారణం. హైడ్రోజన్ సల్ఫైడ్ వలన గట్టిబడిన ఉక్కులో కలుగు పగులు మరొక విధం. అది చల్లని స్థితిలోనే అధికం. బావి ప్రవహించుచున్నపుడు క్షేమంగా ఉండి, మరమ్మతు కోసం మూసిన వారంలో సెన్సర్ చెడినదన్న ఫిర్యాదుకు ఈ రెండు కారణాలను ముందుగా పరిశీలించవలెను.

మూడవది మనుష్యుల చేతి పని. కాల్సైట్ పేరుకొన్న బావిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడుగునపుడు క్షయాన్ని నిరోధించు మందును కలుపుదురు. ఆ మందు సాధారణ ఉక్కు కేసింగ్‌ను కాపాడుటకు ఉద్దేశించినది. స్టెయిన్‌లెస్ తొడుగుకు దాని రక్షణ చాలదు. బిందుసేద్యపు గొట్టాలలో లవణాలు తొలగించుటకు ఇదే ఆమ్లాన్ని వాడు మన ప్రాంతపు తోటలలో కూడ లైనులోనే ఉండిపోయిన స్టెయిన్‌లెస్ సెన్సర్లకు ఈ గతియే పట్టును.

పైకి తీసిన సెన్సర్‌ను చదువుట

పైకి తీయునపుడు మొదటి శ్రద్ధ మనుష్యులది. బావి ముఖం చుట్టూ ఉన్న కాంక్రీటు గొయ్యిలో హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డై ఆక్సైడ్ నిలుచును. రెండును గాలికంటె బరువైనవి. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పి.పి.ఎం. చేరునప్పటికి ముక్కు వాసనను పట్టజాలదు. వాసన పోయినది గనుక వాయువు పోయినదనుకొని గొయ్యిలోనికి దిగుట ప్రాణాంతకం. వాయు మాపకం చేత లేనిదే దిగరాదు.

సెన్సర్‌ను కడుగరాదు, గుడ్డతో తుడువరాదు. శుభ్రపరచి, మెరుగుపెట్టి ప్రయోగశాలకు పంపిన నమూనా వలన ప్రయోజనం శూన్యం. సాక్ష్యమంతయు ఆ మురికిలోనే ఉన్నది. ప్రతి 10 మీటర్లకు లోతు గుర్తు కట్టవలెను, ప్రవాహం ఏ వైపున తగిలినదో గీత గీయవలెను, ఫొటోలు తీయవలెను. చేతి చెమటలో క్లోరైడు ఉన్నది గనుక తొడుగులు ధరించియే ముట్టవలెను. కోసిన కొనలకు వెంటనే మూత బిగించవలెను, లేనిచో ప్రయాణంలో గాలి తేమ చేరి బావి తేమతో కలిసిపోవును. నల్లని పొరను గీకి గాలి చొరని సీసాలో ఉంచవలెను. అది ఐరన్ సల్ఫైడ్ అయినచో పొడి గాలిలో తానై వేడెక్కును. దానిపై ఆమ్లం పోసినచో హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడును. విద్యార్థులు ఈ పరీక్షను గాలి లాగు పెట్టె లోపలనే, కొద్దిపాటి పదార్థంతో, తడిపిన లెడ్ అసిటేట్ కాగితంతో చేయవలెను. కాగితం నల్లబడినచో సల్ఫైడ్ ఉన్నట్లు.

చిల్లు కంటికి కనబడనిచో సెన్సర్ కొనను నీటిలో ముంచి, మీటరు తరువాత మీటరు దించుచు మెగ్గర్‌ను గమనించవలెను. నిరోధం పడిపోయిన చోట గుర్తు పెట్టవలెను. దీనికి ముందు కేబుల్‌ను 120 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టవలసి యుండును. ఆరిన తరువాత నిరోధం తిరిగి పెరుగును. దానిని చూచి సెన్సర్ బాగుపడినదని మరల బావిలోనికి దించువారు కలరు. చిల్లు ఎక్కడికిని పోలేదు. మరొక హెచ్చరిక: ముంచు పరీక్ష చేసిన భాగంలోని నిక్షేపాలు కరగిపోవును గనుక రసాయన నమూనాలను అంతకు ముందే తీసికొనవలెను.

గుర్తించిన చోటును అడ్డంగాను, నిలువుగాను కోసి, మెరుగుపెట్టి, సూక్ష్మదర్శినిలో చూచినపుడు పగులు తన కథను తానే చెప్పును. క్లోరైడు పగులు లోహపు రేణువులను చీల్చుకొనుచు, ఆకులు రాలిన చెట్టు కొమ్మల వలె పలు శాఖలుగా చీలును. చుట్టూ గోడ మందం తగ్గదు. రేణువుల సరిహద్దుల వెంట మాత్రమే సాగిన పగులు వెల్డింగ్ వేడికి లోబడిన ఉక్కులో కనిపించును, కొనను మూసిన వెల్డింగ్‌కు కొద్ది దూరంలో ఇట్టిది ఉన్నచో తయారీ దోషాన్ని శంకించవలెను. సల్ఫైడ్ పగులు శాఖలు తక్కువై, గట్టిబడిన భాగంలో సూటిగా నడుచును. గుంటల క్షయం మూతి ఇరుకై, కడుపు వెడల్పైన కుండ వలె ఉండును. పైనుండి చూచినవారికి చిన్న చుక్క మాత్రమే కనబడును. ఆమ్లపు క్షయంలో గోడ అంతట పలచబడును. తడి ఆవిరి బొట్లు కొట్టుట వలన కలిగిన అరుగుదల ప్రవాహం వైపున గుర్రపు లాడం ఆకారంలో ఏర్పడును.

ప్రవాహంలో కంపించి అలసిన లోహం పగులుట కూడ కలదు. ఇది క్షయం కాదు. అయినను క్షయపు ఖాతాలో తరచు చేరుచున్నది. ఆ పగులు బిగింపు అంచున మొదలై, నునుపైన తలం మీద చెరువు అలల గుర్తుల వంటి వంపు గీతలను వదలును. పగులు మొనలో క్లోరైడు గాని, సల్ఫైడు గాని దొరకదు. మొనలో అను మాట ముఖ్యం. తొడుగు ఉపరితలం మీద క్లోరైడు ప్రతి ఆవిరి బావిలోను ఉండును. అది సాక్ష్యం కాదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి అనుసంధించిన ఎక్స్-కిరణ విశ్లేషణలో పగులు చివరి అంచున క్లోరైడు పోగై కనిపించినపుడు మాత్రమే దానిపై నేరం మోపవచ్చును.

మిశ్రలోహం మార్చుటకు ముందు

సెన్సర్ చెడినదనగానే మరింత ఖరీదైన మిశ్రలోహపు తొడుగును కొనుట వాడుక. క్షయపు విధం తెలియక చేసిన ఈ మార్పు అదృష్టం మీద ఆధారపడినది. 316ఎల్ ఉక్కులో నికెల్ 10 నుండి 14 శాతం. క్లోరైడు ప్రతిబల పగులుకు అది సులభంగా లోబడును. నికెల్ 40 శాతం దాటిన మిశ్రలోహాలు ఈ పగులును బాగుగా తట్టుకొనును. అందుచేత 72 శాతానికి పైగా నికెల్ గల 600 మిశ్రలోహం అన్నిటికి మందు అని తోచును. కాని అందులో మాలిబ్డినం లేదు. ఆమ్ల క్లోరైడు బొట్టు కింద గుంటలు పడుటను అది ఆపజాలదు, అధిక ఉష్ణోగ్రత వద్ద గంధక సమ్మేళనాలకు కూడ నికెల్ లోబడును. గుంటల క్షయానికి సుమారు 3 శాతం మాలిబ్డినం గల 825, సుమారు 9 శాతం గల 625, సుమారు 16 శాతం గల సి-276 వరుసగా మెరుగైనవి. ధర కూడ అదే వరుసలో పెరుగును. అలసట వలన పగిలిన సెన్సర్‌కు వీటిలో ఏదియు ఉపకరించదు. బిగింపు దూరాన్ని తగ్గించుట లేక తొడుగు వ్యాసాన్ని పెంచుట అక్కడ సరియైన పని. బావి ముఖం వద్ద గాలి చొరబాటు వలన పగిలినచో కొత్త గ్లాండ్, పొడి దుప్పటి చాలును.

ఆమ్లాన్ని చంపుటకు ఆవిరి గొట్టంలో కాస్టిక్ సోడా నీటిని చల్లు పద్ధతి ది గీజర్స్‌లో అమలైనది. గొట్టాలకు అది మేలు చేసినది. అయితే అతితప్త ఆవిరిలో నీరు ఇగిరిపోయి సోడా చిక్కబడినచో అదియే స్టెయిన్‌లెస్ ఉక్కును పగులగొట్టగలదు. సోడా చల్లు స్థానానికి దిగువన ఉన్న సెన్సర్‌లో క్లోరైడు దొరకని పగులు కనిపించినపుడు, నిక్షేపంలో సోడియం ఎంత ఉన్నదో ప్రయోగశాలను అడుగవలెను.

ఆమ్లపు కడుగుడు నిర్ణయించిన బావిలో సెన్సర్‌ను ముందురోజే పైకి తీయుట ఉత్తమం. తీయుటకు వీలు లేనిచో కడుగుడు తరువాత బావిని స్వచ్ఛమైన నీటితో తోయించి, బయటకు వచ్చు నీటి పి.హెచ్. సాధారణ స్థితికి వచ్చువరకు మూయకుండ ఉంచి, ఆ వారంలోనే ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచి పాత చీటీతో సరిచూడవలెను. నెల తరువాత మరియొకసారి కొలిచినచో, మొదటి కొలతకు అందని చిన్న చిల్లు ఏదైన ఉన్నది లేనిది తేలును.